ఆత్మ టీ తాగిన మార్నింగ్ షో

సినిమా హాళ్ళలో రీలు పెట్టెలు పోయి హార్డ్ డిస్కులొచ్చిన కొత్తలో నాకు ఉద్యోగమూ కొత్తే, మీసమూ కొత్తే. లోకంలో మనుషులు రెండే రకాలని అప్పట్లో నా గట్టి నమ్మకం: ఇంగ్లీషు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. నేను మొదటి రకమని మా ముదినేపల్లిలో అందరికీ తెలుసు. ఎందుకంటే నేనే చెప్పాను. మా నాన్నయితే ఊడ్పుల రోజుల్లో గట్టు మీద పోయే ప్రతివాణ్ణీ ఆపి "మావాడు ఇంగ్లీషులో ఎమ్మే అండీ" అని చెప్పిగానీ వదిలేవాడు కాదు. (ఆ ఎమ్మే దూరవిద్యలో చేశాననీ, చదివినన్నాళ్ళూ ఇంగ్లీషు మాట్లాడే మనిషిని ఒక్కణ్ణయినా ఎదురుగా చూడలేదనీ ఆయన చెప్పేవాడు కాదు. నేనూ చెప్పేవాణ్ణి కాదు.) చదవమంటే ఎంత లావు పుస్తకమైనా చదివి పారేసేవాణ్ణి. వినడమే రాదు. టీవీలో తెల్లవాళ్ళు మాట్లాడుతుంటే కింద అక్షరాలు పడితే సరే, పడకపోతే నాకూ మా గేదెకీ ఒకటే అర్థమయ్యేది.

అలాంటి నాకు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు ఉద్యోగం వచ్చింది. ఏడాది ప్రొబేషను. ఇంటర్వ్యూలో కరస్పాండెంటు గారు (కాలేజీ ఆయనదే, దాని వెనక రైసుమిల్లూ ఆయనదే, కొల్లేట్లో చేపల చెరువులూ ఆయనవే) "మాట్లాడే ఇంగ్లీషు బాగా అర్థమవుద్దాండీ మీకు?" అని అడిగారు. "బ్రిటిష్ యాక్సెంటయినా, అమెరికన్ యాక్సెంటయినా నాకు ఒకటేనండీ" అన్నాను. అబద్ధం కాదు. రెండూ ఒకటే, రెండూ అర్థం కావు. ఆ మాట ఎలా పొక్కిందో గానీ వారం తిరక్కుండా పిల్లలు నాకు ‘యాక్సెంటు మాస్టారు’ అని పేరు పెట్టేశారు. నేను దాన్ని బిరుదనుకుని చాలాకాలం మురిసిపోయాను.

ఆ ఏడాది వార్షికోత్సవం నాటకం నాకు అప్పజెప్పారు. కొల్లేటి లంక గ్రామం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే ఫైనలియరు అమ్మాయి ఒకతె తనే రాసుకొచ్చింది. చేపల చెరువు గట్టు మీద కాపలా గుడిసె. అందులో ఒక మొగుడూ పెళ్ళాం, ఒక ముసలమ్మ. వానకి కొల్లేరు పొంగి నీళ్ళు గుడిసెలోకి వచ్చేస్తుంటాయి. గట్టు తెంపితే గుడిసె నిలుస్తుంది, యజమాని చేపలు పోతాయి. తెంపకపోతే చేపలుంటాయి, గుడిసె పోతుంది. అంతే కథ. తెల్లారేలోగా తెంపాలా వద్దా అని ఆ ముగ్గురూ మాట్లాడుకుంటారు. చివర్లో చెరువు యజమాని వస్తాడు. పెళ్ళాం వేషం ఆ అమ్మాయిదే. బట్టలు కుట్టే బాధ్యత బజార్లో ఉన్న కోటు మాస్టారిది. ఆయన అసలు పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఏలూరు దాకా చుట్టుపక్కల ఏ నాటక సమాజానికైనా కోట్లు కుట్టింది ఆయనే కాబట్టి సాయిబుగారిని ఊరంతా అలాగే పిలిచేవారు. కాపలావాడి చొక్కాకి ఆయన నలభై అతుకులు వేశారు. "పాత చొక్కా తెచ్చి తొడిగితే పోయేది కదండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "పాతది పాతగానే ఉంటుందండీ. పేదగా ఉండాలంటే కుట్టాలి" అన్నారు.

రిహార్సల్సు సగంలో ఉండగా కరస్పాండెంటు గారు మిల్లర్ల బృందంతో లండను వెళ్ళొచ్చారు. వస్తూ ఒక ఆలోచన కూడా తెచ్చుకున్నారు.

"మాస్టారూ, అక్కడ నాటకం స్టేజి మీద ఆడతా ఉండగానే ఏడెనిమిది కెమెరాలు పెట్టి తీసేసి, ఊరూరా సినిమా హాళ్ళలో వేస్తున్నారండీ. నేను అక్కడ హాల్లో కూర్చుని చూశాను కదా, ఏం చల్లగా ఉందండీ! (నాటకం గురించి ఆయన చెప్పింది ఇంతే.) మన గూడెంలో వేయిద్దాం. వార్షికోత్సవానికే యూనివర్సిటీ కమిటీ వస్తుంది. వాళ్ళ ముందు మన పిల్లలు లుంగీలెగ్గట్టి బురద నాటకం ఆడితే ఏం బావుంటుందండీ?"

ఇక్కడ నేనొక మాట అనాల్సింది. ‘ఆయ్’ అన్నాను.

"ప్రోగ్రాం బాగా జరిగితే మీ పోస్టు పర్మనెంటు చేసేద్దామండీ" అన్నారు. ఈసారి ‘ఆయ్’ ఇంకొంచెం గట్టిగా అన్నాను.

నాటకం ఆపేశామని చెబితే ఆ కొల్లేటి అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు. వరండాలో నిలబడి, "లండన్ నాటకంలో ఏముంటుందండీ సార్?" అని అడిగింది. నేను నెట్లో వెతికి చదివిన మూడు లైన్లూ గంభీరంగా చెప్పాను. "ఒక ఇల్లమ్మా. ఒక కుటుంబం. వాళ్ళకొచ్చిన కష్టం. ప్రపంచస్థాయి." "మాదీ అదే కదండీ సార్" అంది. అదృష్టం కొద్దీ బెల్లు మోగింది. బోధనావృత్తిలో నాకు అంతగా పనికొచ్చిన బెల్లు మరొకటి లేదు.

ఆదివారం మార్నింగ్ షోకి స్టేషను దగ్గర హాలు మాట్లాడారు. తోరణాలు, రోజ్‌వాటరు, గుమ్మంలో చందనం గిన్నె. మొదటి వరసలో కమిటీ పెద్దాయన (ఇంగ్లీషు ప్రొఫెసరే, రిటైరయ్యాక కూడా టై విప్పని మనిషి), ఆయన పక్కన కరస్పాండెంటు గారు, ఆ పక్కన పెంటపాడు నుంచి దిగిన కరస్పాండెంటు గారి అత్తగారు. వెనక మా స్టాఫు, పిల్లలు, ఊళ్ళో పెద్దలు. పిలవకుండా వచ్చింది కోటు మాస్టారొక్కరే. "నాటకం అన్నారు కదండీ" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండో వరసలో ఓ చివర కూర్చున్నారు. నేను మైకులో స్వాగతం చెప్పి, నాటకాన్ని నాలుగు ముక్కల్లో పొగిడి, హాయిగా కూర్చున్నాను. నా ధైర్యమంతా సబ్‌టైటిల్స్ మీద.

తెర వెలిగింది. ఒక గది. బల్ల, మూడు కుర్చీలు, ఒక కిటికీ. వాలుకుర్చీలో ముసలాయన, పక్కన నల్లగౌను ముసలావిడ, గిన్నెలు సర్దుతున్న ఒక పడుచు పిల్ల. తలుపు తీసుకుని పొడుగు కోటు వేసుకున్న కుర్రాడొకడు లోపలికొచ్చాడు. మాట్లాడటం మొదలెట్టారు. కింద అక్షరాలు లేవు. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. మెట్లెక్కి ఆపరేటరు గదికి పరిగెత్తాను. "అక్షరాల ఫైలు వేరేగా పంపాలటండీ. పంపలేదండీ" అన్నాడతను తాపీగా, పల్లీలు ఒలుచుకుంటూ. కిందికొచ్చేసరికి కరస్పాండెంటు గారు నా మైకు పట్టుకుని రెడీగా ఉన్నారు.

"అక్షరాలెందుకండీ, మీరున్నారు కదా! చూస్తూ చెప్పేయండి. లైవు."

ఆ క్షణంలో ‘నాకు అర్థం కావడం లేదండీ’ అనడానికి ఒక్క నోరు చాలు. నాకున్న ఒక్క నోటినీ నేను వేరే పనికి వాడాను. "మిత్రులారా, ఈ కోటు అబ్బాయి ఈ ఇంటి పెద్దకొడుకు. యుద్ధం నుంచి తిరిగొచ్చాడు" అన్నాను.

"మరి ఆ పిల్లెవరండీ మాస్టారూ?" అత్తగారు అడిగారు.

"చెల్లెలండీ."

అబద్ధం ఇంత సుఖంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ముసలావిడ కోటు పట్టుకుని ఏడిస్తే తల్లిప్రేమ అన్నాను. కుర్రాడు జేబులోంచి ఉత్తరం తీస్తే ఆస్తి కాగితాలన్నాను. అందరూ అరుచుకుంటే వాటాల గొడవన్నాను. హాలంతా ముందుకి వంగి వింటోంది. వాటాల గొడవంటే మనవాళ్ళకి అనువాదం అక్కర్లేదు కదా. ఇంతలో వాలుకుర్చీలో ముసలాయన ఏదో మాత్ర మింగి, తల పక్కకి వాల్చేశాడు. తెర మీద వెలుగు తగ్గిపోయింది. నేను గొంతు బొంగురు చేసుకుని, "తండ్రి పోయాడు. ఈ గొడవ చూడలేక గుండె ఆగిపోయింది" అన్నాను. అత్తగారు కొంగు కళ్ళకద్దుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను మంచినీళ్ళ వంకతో బయటికి పోయి, ముఖం కడుక్కుని, అద్దంలో చూసుకుని ‘పర్లేదు’ అనుకున్నాను.

నేను లేని ఆ పది నిమిషాల్లో ఘోరం జరిగింది. అక్కడ స్టేజి మీద ఇంటర్వెల్ ఇస్తే కెమెరా హాల్లో జనం మీదికి తిరుగుతుంది. ప్రేక్షకులు లేచి, ఒళ్ళు విరుచుకుని, కప్పుల్లో ఐస్‌క్రీములు తింటూ కబుర్లు చెప్పుకుంటుంటారు. అదంతా తెర మీద వస్తూనే ఉంది. "వీళ్ళెవరండీ?" అని అత్తగారు అల్లుణ్ణి అడిగారట. కరస్పాండెంటు గారు అలాంటి హాల్లోనే కూర్చుని వచ్చిన మనిషి. (కూర్చున్నారు గానీ కళ్ళు తెరిచి కాదని నాకు అప్పుడు తెలిసింది.) ఏమాత్రం తడుముకోకుండా, "చుట్టాలండీ. ముసలాయన పోయాడు కదా, దినకార్యానికొచ్చారు" అన్నారట. నేను లోపలికి అడుగుపెట్టేసరికి అత్తగారు గట్టిగా అంటున్నారు: "అయ్యో రామ, దినకార్యంలో ఐస్‌క్రీమాండీ! ఒక్కళ్ళ కంటా నీటి చుక్క లేదు. ఆ తెల్ల జుట్టావిడ చూడండి, ఎలా నవ్వుతుందో!"

రెండో భాగం మొదలైంది. నల్లగౌను ముసలావిడ కోటు కుర్రాడి గుండీలు పెట్టి లోపలికెళ్ళింది. గదిలో పడుచు పిల్లా, కుర్రాడూ మిగిలారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను "అన్నాచెల్లెళ్ళు చిన్ననాటి జ్ఞాపకాలు..." అని నోరు తెరిచానో లేదో, అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల చేతులు పట్టుకున్నాడు. ఆ పిల్ల వంగి అతణ్ణి ముద్దుపెట్టుకుంది. అన్నాచెల్లెళ్ళు పెట్టుకునే ముద్దు కాదది.

వెనక వరసల్లో పిల్లల ఈలలు మొదలయ్యాయి. "ఆమె పెంపుడు చెల్లెలు!" అని మైకులో అరిచాను. "ఇప్పుడే తెలిసింది!"

"పెంచుకుంటే మాత్రం చెల్లెలు చెల్లెలే కదండీ!" అన్నారు అత్తగారు. నేను ఆలోచిస్తూ ఉండగానే లోపలి గది తలుపు తెరుచుకుని, నేను చంపేసిన ముసలాయన ఆవులిస్తూ వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ అడిగి తాగడం మొదలెట్టాడు.

"ఆత్మ" అన్నాను.

"ఆత్మ టీ తాగుద్దాండీ?"

"ఇంగ్లీషువాళ్ళ ఆత్మ కదండీ."

ఆ తర్వాత నలభై నిమిషాలు నేనేం చెప్పానో నాకు గుర్తులేదు, భగవంతుడి దయవల్ల. చివర్లో నటులంతా చేతులు పట్టుకుని వరసగా నిలబడి వంగి వంగి దణ్ణాలు పెట్టారు. "రాజీ పడిపోయారాండీ?" అన్నారు అత్తగారు. "పడిపోయారండీ" అన్నాను.

దీపాలు వెలిగాక కమిటీ పెద్దాయన లేచి నా వైపే వచ్చారు. ప్రొఫెసరు గారికి ప్రతి ముక్కా అర్థమై ఉంటుంది. నా ఉద్యోగం, నా ఎమ్మే, మా నాన్న గట్టు మీద చెప్పుకున్న మాటలు అన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడి దణ్ణాలు పెట్టినట్టయింది. ఆయన నా భుజం తట్టి, టై సర్దుకుని, "ఆ ఆత్మ టీ తాగే ఘట్టం ఉంది చూశారూ, చాలా సింబాలిక్ అండీ. మీరు సరిగ్గా పట్టుకున్నారు" అన్నారు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. టై అయితే ఉంది గానీ, అక్కడ కూడా సబ్‌టైటిల్స్ లేవు. ఆ మధ్యాహ్నం బిర్యానీల దగ్గరే కరస్పాండెంటు గారు నా పోస్టు పర్మనెంటు అని ప్రకటించేశారు.

సంతోషించాల్సిందే. కానీ బిర్యానీ దిగలేదు. మర్నాడు సాయంత్రం, నలభై అతుకుల చొక్కా సంగతేదో తేల్చేద్దామని బజార్లో కోటు మాస్టారి కొట్టుకెళ్ళాను. ఆయన మిషను ఆపి స్టూలు చూపించారు.

"నాటకం చాలా బావుందండీ" అన్నారు. "అందులో కోటు పనితనమే పనితనం."

"కోటా?"

"ఆ కుర్రాడిది కాదు కదండీ ఆ కోటు. భుజాలు రెండంగుళాలు కిందికి దిగిపోయాయి, చేతులు వేళ్ళ మీదకొచ్చేశాయి. ఆ పెద్దావిడ ముందు చూసింది అతని మొహం కాదండీ, కోటు. అది వాళ్ళబ్బాయిది. ఆ అబ్బాయి పోయాడు. ఇతను స్నేహితుడు, ఉత్తరం ఇవ్వడానికొచ్చాడు. కోటు విప్పేస్తాడేమోనని ఆవిడకి భయం. గుండీలు ఎంత మెల్లిగా పెట్టిందో చూశారా? ఆ పిల్ల కూతురు కాదండీ, పనిపిల్ల. అది తొడుక్కుంది పెద్దావిడ పాత గౌనే, అంచు విప్పి కిందికి దించారు, పాత మడత గీత కనపడుతూనే ఉంది. పోయిన అబ్బాయి మీద దానికి మనసు. ఆ ముద్దు కూడా ఆ కోటుకేనండీ, పాపం, మనిషికి కాదు. పెద్దాయన నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాడంతే. ఆయనకి కొడుకు పోయాడని ఎవరూ చెప్పలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు ఇంగ్లీషు రాదండీ. మీరేదో చెబుతున్నారు గానీ, నాకు చెవి కొంచెం తక్కువ. వినపడలేదు."

ఆయన చెవులు శుభ్రంగా పనిచేస్తాయని బజారంతటికీ తెలుసు. అప్పుడాయన బల్ల కింద నుంచి మూట తీసి ముందు పెట్టారు. "ఈ చొక్కా విప్పేయమంటారా, ఉంచమంటారా? విప్పితే గుడ్డ దేనికైనా పనికొస్తుంది."

"ఉంచండి" అన్నాను.

మర్నాడు క్లాసులో నిలబడి, ఆదివారం నాటకం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదని చెప్పేశాను. పిల్లలు నవ్వుతారనుకున్నాను. కొల్లేటి అమ్మాయి లేచి, చాలా మర్యాదగా, "తెలుసండీ సార్. ఆత్మ టీ తాగినప్పుడే తెలిసిపోయిందండీ" అని కూర్చుంది.

ఇక కరస్పాండెంటు గారిని ఒప్పించాలి. ఆయన గుండె జోలికి పోలేదు, నేరుగా ఆయన ఫొటో దగ్గరికే వెళ్ళాను. "లండన్ వాళ్ళు వాళ్ళ నాటకం తీసి మనకి చూపించారు కదండీ. మన కాలేజీ నాటకం తీసి మనమే హాల్లో వేస్తే జిల్లాలో మొదటివారు మీరేనండీ. టైటిల్స్‌లో ముందు మీ బొమ్మ." "పెద్దగా పడుద్దాండీ?" అన్నారు. "హాలు తెరంత పడుతుందండీ" అన్నాను.

కాలేజీ షెడ్డులో నాటకం ఆడించాం. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఆయన రెండు కెమెరాలతో వచ్చాడు. నాటకాలు ఆయనకి కొత్త, పెళ్ళిళ్ళు కొట్టిన పిండి. దాంతో కరస్పాండెంటు గారి బొమ్మ గులాబీ రేకుల్లోంచి గిరగిరా తిరుగుతూ వచ్చింది. గుడిసెలోకి నీళ్ళొస్తుంటే చుట్టూ పూల ఫ్రేము. మొగుడూ పెళ్ళాం ఆకలి గురించి పోట్లాడుకుంటుంటే వాళ్ళిద్దరి మధ్యా ఎర్రటి హృదయం ఒకటి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. అదే హాలు, మళ్ళీ ఆదివారం మార్నింగ్ షో. లంక గ్రామాల నుంచి జనం ఆటోల్లో వచ్చారు. అలవాటు కొద్దీ నేను మైకు పట్టుకుని లేచాను. "మీరు కూర్చోండి మాస్టారూ, వినపడట్లేదు" అన్నారు అత్తగారు.

పెళ్ళాం పార పట్టుకుని గట్టు మీదికి నడిచింది. అప్పటికి ఆ పూల ఫ్రేమూ, ఆ గులాబీలూ ఎవరికీ కనపడటం లేదు. మొదటి దెబ్బ పడగానే వెనక వరసల్లో ఒక పెద్దాయన "కొట్టమ్మా!" అని అరిచాడు. అప్పుడు యజమాని కోటు వేసుకుని వచ్చాడు. కరస్పాండెంటు గారు కుర్చీలో అటూ ఇటూ కదిలి, "ఈ కోటు ఎక్కడో చూసినట్టుందండీ" అన్నారు. ఆయన తన ఒంటి మీదే చూసుంటారు. దాన్నీ కుట్టింది కోటు మాస్టారే. మరో రెండేళ్ళు ఆ ఉద్యోగంలో ఉన్నాను గానీ, నాటకాలు మళ్ళీ నాకు అప్పగించలేదు.

కోటు మాస్టారికి మాత్రం కోపం వచ్చింది. స్టేజి మీదికి కదా అని యజమాని కోటు అంచు చేతికుట్టు వేయకుండా తెల్లదారంతో టాకాలేసి వదిలేశారట. కెమెరా దగ్గరికెళ్ళేసరికి ఆ టాకాలు తెర మీద తాళ్ళంత లావున కనపడ్డాయి. "స్టేజి కోటుని అంత దగ్గర్నించి చూడకూడదండీ! జిల్లా అంతా నా పరువు తీశారు" అని వారం రోజులు నాతో మాట్లాడలేదు. (తర్వాత టీ ఇప్పించి నేనే దారికి తెచ్చుకున్నాను.)

ఆ వీడియో కాపీ నా దగ్గర ఉంది. ఈ మధ్య ఒక రోజు పాత డబ్బా సర్దుతుంటే దొరికితే కంప్యూటర్లో పెట్టి చూశాను. పెళ్ళి వీడియోల ఆయనకి పక్కల నుంచి తొంగిచూసే చుట్టాల మొహాలు పట్టుకోవడం అలవాటు. అందుకని స్టేజి పక్క తెర చాటున నిలబడ్డ ఒక బక్క కుర్రాడి మీదికి కెమెరా మాటిమాటికీ పోతూ ఉంది. ప్రాంప్టింగు కాగితాలు చేతిలో ఉన్నాయి గానీ వాటిని చూడటం లేదు వాడు. మొగుడి మాటలూ, పెళ్ళాం మాటలూ, ముసలమ్మ మాటలూ అన్నీ పెదాలతో పలికేస్తున్నాడు. ముసలమ్మ దగ్గితే వాడూ దగ్గుతున్నాడు. పార దెబ్బ పడగానే ఆ కొత్త మీసం కింద పెదవి వణికింది. పక్కనే గులాబీ రేకులు రాలుతున్నాయి. వాడి జుట్టూ, వాడి చొక్కా కాలరూ చూసి మా పిల్లలు ‘నాన్నా!’ అంటూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ముక్క ఒక్కటీ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఎంత ముద్దొచ్చాడో వెధవ.